ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌కి కేంబ్రిడ్జ్ ప్రాక్టీస్ పుస్తకాలు కొనాలా వద్దా, నా రివ్యూ

సూటిగా చెప్పేస్తా, ఫారిన్ వెళ్ళడానికి రాసే ఈ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ కోసం ఈ పుస్తకాలు కొనండి. కానీ మొత్తం సెట్టు కొనకండి, రెండో మూడో చాలు, అదీ వెనక ఆన్సర్లూ ఆడియో స్క్రిప్టులూ (ఆడియోలో మాట్లాడిందంతా అచ్చులో) ఉన్నదే చూసుకుని కొనండి, ఎందుకంటే నా లెక్కలో మనం డబ్బులు పెట్టేది ముందున్న టెస్టులకి కాదు, వెనకున్న ఆ స్క్రిప్టు పేజీలకి. ఈ ముక్క కోచింగ్‌లో ఎవరూ చెప్పరు. అక్కడ అందరూ "ఎన్ని టెస్టులు అయ్యాయి" అనే అడుగుతారు గానీ "అయిన టెస్టులో ఏ ముక్క వినపడలేదు, ఎందుకు వినపడలేదు" అని అడిగినోళ్ళు నాకైతే తగల్లేదు.

పరీక్ష సంగతి తెలిసినోళ్ళు ఈ పేరా దాటేయండి. లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, నాలుగు పార్టులు, పార్టుకి పది. ఆడియో దాదాపు 30 నిమిషాలు, ఒక్కసారే వేస్తారు, మళ్ళీ వెయ్యమంటే వెయ్యరు. మొదటి పార్టులో ఇద్దరు మాట్లాడుకుంటారు, అద్దె ఇల్లు, బుకింగు, పార్ట్ టైమ్ ఉద్యోగం లాంటి రోజువారీ విషయాలు. రెండోది ఒక్కరే మాట్లాడతారు, ఏదో పార్కు గురించో మ్యూజియం గురించో. మూడోది స్టూడెంట్లు, వాళ్ళ ట్యూటరు కలిసి ప్రాజెక్టు గురించి వాదించుకోవడం. నాలుగోది అచ్చంగా క్లాసులో లెక్చర్, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి గ్యాప్ కూడా ఇవ్వరు. పేపర్ మీద రాసే వీలున్న చోట జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు ఇస్తారు, కంప్యూటర్ మీద అయితే సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. 40కి 30 వస్తే 7 బ్యాండ్ (9కి ఇచ్చే స్కోరు) దగ్గర, 35 వస్తే 8, 23 వస్తే 6, పేపర్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఓవరాల్ అంటే లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అనే నాలుగు సెక్షన్ల సగటే కాబట్టి రైటింగ్‌లో 6 దగ్గర ఆగిపోయినా లిజనింగ్‌లో ఎనిమిది కొడితే మొత్తం స్కోరు పైకి లాగేస్తుంది, అందుకే దీని మీద టైమ్ పెట్టడం దండగ కాదు.

ఇప్పుడు పుస్తకాలు. ఈ సిరీస్‌లో మొదటిది 1996లో వచ్చింది, 2025లో 20వ నంబర్ వచ్చింది, ఒక్కోదాంట్లో నాలుగు ఫుల్ టెస్టులు, అంటే లిజనింగ్ వరకే చూసుకున్నా ఒక పుస్తకంలో 160 ప్రశ్నలు. పరీక్ష తయారుచేసేవాళ్ళే వేసే పుస్తకాలు కాబట్టి గొంతులు, స్పీడు, ప్రశ్నల మధ్య గ్యాప్, చదువుకోవడానికి ఇచ్చే టైమ్, అన్నీ అసలు పరీక్షలో ఉన్నట్టే ఉంటాయి. యూట్యూబ్‌లో "ఇదే పరీక్షలో వస్తుంది" అని ఎర్రక్షరాలతో థంబ్‌నెయిల్ పెట్టి వదిలే టెస్టులు ఉంటాయి చూశారా, వాటిలో కొన్ని మరీ రోబో చదివినట్టు ఉంటాయి, కొన్నిట్లో ప్రశ్నకీ ఆడియోకీ సంబంధమే ఉండదు, వాటితో ప్రాక్టీస్ చేసి స్కోరు చూసుకుంటే లేనిపోని ధైర్యమో లేనిపోని భయమో తప్ప ఏం మిగలదు.

పాతవి పనికొస్తాయా అంటే, మొదటి మూడు నాలుగు వదిలేయండి, మరీ పాత పద్ధతి. మధ్యవి చెవికి పని చెప్పడానికి బాగానే ఉంటాయి కానీ ఒకటి గుర్తుంచుకోవాలి, 2020 జనవరి ముందు వరకూ మొదటి పార్టులో ఒక ఉదాహరణ వినిపించి ఆ ముక్కని మళ్ళీ వేసేవాళ్ళు, ఇప్పుడు అది లేదు, ఆడియో మొదలైందంటే మొదటి ప్రశ్న నుంచే చెవి రెడీగా ఉండాలి. అందుకని పరీక్షలాగా టైమ్ పెట్టుకుని రాయడానికి 15 నుంచి పై నంబర్లు ఉంచుకోండి. సెకండ్ హ్యాండ్ కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడలో అయితే లెనిన్ సెంటర్‌లో వెతకొచ్చు, కాకపోతే పేజీలు తిప్పి చూసి కొనండి, ఎవరో పెన్సిల్‌తో జవాబులు రాసుకుని రబ్బరుతో చెరిపి అమ్మేస్తారు, లైటు కింద పెడితే ఆ గీతలు కనపడుతూనే ఉంటాయి, చూడకూడదనుకున్నా కన్ను అక్కడికే పోద్ది. ఈమధ్య పుస్తకాల్లో సీడీ ఉండదు, లోపలున్న కోడ్‌తో ఆన్‌లైన్‌లో ఆడియో దింపుకోవాలి. ఇక అమీర్‌పేట జిరాక్స్ కట్టలు చౌకే, వాటి గురించి నేను చెప్పేదేం లేదు, మ్యాప్ ప్రశ్నలో బొమ్మ నల్లగా అలుక్కుపోయి ఏది కార్ పార్కో ఏది చెరువో తెలియదు అంతే.

అసలు మనోళ్ళకి ఎక్కడ పోతాయి మార్కులు అంటే, కష్టమైన మాటల దగ్గర కాదు. చిన్న చిన్న వాటి దగ్గరే. థర్టీన్, థర్టీ తేడా చూడండి, మనం రెండూ ఒకే ఊపులో పలుకుతాం, వాళ్ళు థర్టీన్‌లో చివర నొక్కుతారు, థర్టీలో మొదట నొక్కుతారు, అమెరికన్ గొంతు అయితే అది థర్డీ అని వినపడుద్ది. ఫోన్ నంబర్లలో డబుల్ సెవెన్, ట్రిపుల్ నైన్ మనకి చిన్నప్పటి నుంచి అలవాటే, అక్కడ మనదే పైచేయి, కానీ జీరోని "ఓ" అంటారు, పోస్ట్‌కోడ్ మధ్యలో అది వస్తే అక్షరమా అంకెనా అని చెయ్యి ఆగిపోద్ది. ఆస్ట్రేలియా ఆవిడ ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్తూ "ఏ" అంటే మనకి "ఐ" అని వినపడుద్ది. న్యూజిలాండ్ వాళ్ళ పెన్ను మనకి పిన్ను. వీ, డబ్ల్యూ మనం ఒకేలా పలుకుతాం కాబట్టి వెస్ట్ అన్నప్పుడు అది దిక్కో బనియనో వెనకా ముందూ మాటల్ని బట్టి పట్టుకోవాల్సిందే.

వీటన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేది చివర ఎస్. జవాబు "టికెట్స్" అయితే "టికెట్" అని రాస్తే సున్నా. మన తెలుగులో మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ఆగుతాయి కదా, అందుకేనేమో చివర నలిగిపోయే ఎస్సుల్నీ టీల్నీ డీల్నీ మన చెవి లెక్కచెయ్యదు. దీనికి మందు వినడం ఒక్కటే కాదు, ఖాళీకి ముందు "ఎ" ఉందా, "మెనీ" ఉందా, తర్వాత క్రియ ఏకవచనమా అని ప్రశ్నని ఆడియో మొదలవ్వకముందే చూసుకోవాలి, ఆ చదువుకునే అరనిమిషం అందుకే ఇస్తారు, చాలామంది ఆ టైమ్‌లో నీళ్ళు తాగుతూ కూర్చుంటారు.

తర్వాత మాట మార్చడం. మొదటి పార్టులో ఇది ఉండి తీరుద్ది. పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ అనుకోండి, మంగళవారం పదిన్నరకి వస్తానంటాడు, అయ్యో ఆ రోజు డాక్టర్ లేరండీ బుధవారం రెండుంబావుకి ఖాళీ ఉంది అంటుంది రిసెప్షన్ ఆవిడ, సరే అంటాడు, మీరు రెండుంబావు రాసేసి పక్క ప్రశ్నకి వెళ్ళిపోతారు, అప్పుడు ఆవిడ తీరిగ్గా, ఉండండుండండి అది వేరేవాళ్ళకి ఇచ్చేశాం, పావు తక్కువ మూడు అయితే పర్లేదా అంటుంది. జవాబు అదీ. కాబట్టి మొదట వినపడ్డ అంకె మీద ప్రేమ పెంచుకోకూడదు, సంభాషణ తర్వాతి విషయానికి వెళ్ళేదాకా పెన్ను గాల్లోనే ఉండాలి.

మ్యాప్ ప్రశ్న గురించి ఒక్క మాట. వాస్తు పుణ్యమా అని తూర్పు ఈశాన్యం మనకి నిద్రలో లేపినా తెలుసు, కానీ "జస్ట్ బియాండ్", "ఆపోజిట్", "ఆన్ యువర్ లెఫ్ట్ యాజ్ యూ కమ్ ఇన్" దగ్గర తడబడతాం, ఎందుకంటే మనం ఎక్కడ నిలబడి ఎటు చూస్తున్నామో ముందు పట్టుకోవాలి. గేటు ఎక్కడుందో వేలు పెట్టి అక్కడి నుంచి వేలితో నడవండి. అంతే, దీనికి ఇంతకంటే ట్రిక్ లేదు.

ఇప్పుడు ఆ వెనక పేజీలు. నేను చేసే పద్ధతి ఇది, ఇందులో మాయ ఏం లేదు, విసుగు మాత్రం బాగా ఉంటుంది. ఒక పార్ట్ మామూలుగా ఒక్కసారి విని రాస్తా. ఆన్సర్లు దిద్దుకుంటా. తప్పు పోయిన చోట సరైన జవాబు చూసి "ఓహో" అనుకుని పేజీ తిప్పను, ఆ జవాబు వచ్చే ముక్క, ఇరవై సెకండ్లు, మళ్ళీ మళ్ళీ వేసుకుని వినపడింది వినపడినట్టు కాగితం మీద రాస్తా, స్క్రిప్టు మూసే ఉంటుంది. ఇక వల్లకాదు అనుకున్నాకే స్క్రిప్టు తెరిచి పక్కన పెట్టుకుని చూస్తా. అప్పుడు బయటపడుద్ది అసలు సంగతి. ఉదాహరణకి నేనే ఒకటి కల్పించి చెప్తా, "ఇట్ యూస్డ్ టు బి యాన్ ఓల్డ్ ఆఫీస్" అనే వాక్యం చెవికి "ఇట్యూస్టుబి యనోల్డాఫిస్" అని ఒకే ముద్దగా వస్తుంది. ఇందులో తెలియని మాట ఒక్కటన్నా ఉందా, లేదు, అయినా పట్టుకోలేం. స్కూల్లో తెలుగు మాస్టారు సంధి విడదీయమని నిలబెట్టేవారు చూడండి, అచ్చం అదే పని ఇక్కడ ఇంగ్లీషుతో. మాట చివరి హల్లు పక్క మాట అచ్చుకి అంటుకుపోద్ది, మధ్యలో "టు", "ఆఫ్", "అండ్" లాంటివి సగం మింగేస్తారు. కళ్ళతో చదివి నేర్చుకున్న ఇంగ్లీషు మనది, అందులో మాటల మధ్య ఖాళీ ఉంటుంది, నోటి ఇంగ్లీషులో ఆ ఖాళీ ఉండదు, ఇది అర్థమయ్యాక నాకు లిజనింగ్ అంటే ఉన్న సగం భయం పోయింది.

ఇలా చేస్తే ఒక్క పార్టుకే గంట పైన పట్టుద్ది. అందుకే రెండు మూడు పుస్తకాలు చాలన్నది. పది పుస్తకాల టెస్టులు వరసగా రాసుకుంటూ పోతే స్కోరు ఎక్కడ మొదలైందో అక్కడే తిరుగుతుంది, ఎందుకంటే టెస్టు మనకి ఎంతొచ్చిందో చెప్తుంది అంతే, ఎలా వినాలో నేర్పదు. అన్నట్టు పుస్తకం వెనక స్కోరు పట్టిక ఉంటుంది గానీ అందులో బ్యాండ్ ఇవ్వరు, ఇన్ని వస్తే పరీక్షలో మంచి స్కోరు రాకపోవచ్చు, ఇన్ని వస్తే రావచ్చు అని పెళ్ళి సంబంధం వాళ్ళు చెప్పినట్టు నిక్కచ్చిగా ఏదీ తేల్చరు. ఇంకోటి, ఆన్సర్ పేజీలో జవాబు మాత్రమే ఉంటుంది, మిగతా ఆప్షన్లు ఎందుకు కాదో వివరణ అచ్చులో ఉండదు. మూడో పార్ట్ మల్టిపుల్ చాయిస్‌లో ఇది ఇబ్బందే, ఎందుకంటే అక్కడ మూడు ఆప్షన్ల మాటలూ ఆడియోలో వినపడతాయి, ఒకమ్మాయి అంటుంది, ఇంకో అబ్బాయి కాదంటాడు, చివరికి ఇద్దరూ దేనికి ఒప్పుకున్నారు అన్నదే ప్రశ్న. స్క్రిప్టులో ఎవరు ఎక్కడ వెనక్కి తగ్గారో మనమే పెన్సిల్‌తో గీసుకోవాలి. వివరణ లేకపోవడం లోటే, కానీ ఆ గీసుకోవడంలోనే పని జరుగుద్ది కాబట్టి నేను పెద్దగా మార్కులు కొయ్యట్లేదు.

రాసుకునేటప్పుడు ఫోన్‌లో నోట్స్ వాడకండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఫోన్ కీబోర్డు మనం తప్పు కొట్టినా దిద్దేస్తుంది, అకామడేషన్‌లో రెండు ఎమ్‌లు ఉంటాయని, క్వశ్చనేర్‌లో రెండు ఎన్‌లు ఉంటాయని, వెడ్నెస్‌డేలో ఆ డీ ఎక్కడుంటుందో మనకి తెలియదన్న సంగతి పరీక్ష రోజు వరకూ తెలియనే తెలియదు. స్పెల్లింగ్ తప్పైతే మార్కు లేదు. బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ తీసుకుంటారు, అన్నీ క్యాపిటల్ లెటర్లలో రాసినా ఒప్పే, చిన్న లెటరా పెద్ద లెటరా అని బుర్ర పాడుచేసుకోకుండా చాలామంది అలాగే రాస్తారు. "రెండు మాటలకి మించకూడదు" అంటే మూడు రాస్తే పోయినట్టే, అందులో మీ జవాబు కరెక్టుగా ఉన్నా సరే.

కోచింగ్ గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్తా, పేరు మాత్రం రాయను. నేను వెళ్ళిన చోట రైటింగ్, స్పీకింగ్ బాగానే చెప్పారు, దిద్దడానికి ఒక మనిషి ఉండటం నిజంగానే ఉపయోగం. లిజనింగ్ క్లాస్ అంటే మాత్రం హాలు ముందు ఒక స్పీకర్ పెట్టి ఆడియో వేసి, అయిపోయాక ఆన్సర్లు చదివి వినిపించడం. పైన ఫ్యాన్ కిర్రుమంటూ ఉంటుంది, వెనక బెంచీకి స్పీకర్ నుంచి వచ్చేది సగం గోడకి తగిలి వచ్చిన మోత. ఎవరన్నా "సార్, అది ఎయిటీ ఆ, ఎయిటీన్‌ ఆ" అంటే పాపం ఆయన మళ్ళీ వెనక్కి తిప్పి వేసేవారు, మంచితనమే కానీ పరీక్షలో ఆ మంచితనం ఉండదు కదా. స్క్రిప్టు ఇవ్వండి సార్ అంటే "అది చూస్తే అలవాటైపోద్దమ్మా, చూడొద్దు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, ముందే స్క్రిప్టు పెట్టుకుని వింటే అది చదవడం అవుద్ది, వినడం అవదు, కానీ విన్న తర్వాత కూడా చూడొద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. లిజనింగ్ కోసమే అయితే కోచింగ్ ఫీజు కట్టకండి, ఆ డబ్బులో చిన్న ముక్కతో రెండు పుస్తకాలూ ఒక వైరు హెడ్‌ఫోనూ వస్తాయి.

హెడ్‌ఫోన్ అన్నాను కదా, ఖరీదైనది అక్కర్లేదు. కంప్యూటర్ పరీక్షలో వాళ్ళే ఇస్తారు, మొదట్లో సౌండ్ చూసుకోమంటారు, వాల్యూమ్ అప్పుడే సర్దుకోవాలి, మొహమాటపడి సరిపోద్దిలే అనుకోకండి. పక్క సీట్లో కీబోర్డు టకటక మాత్రం ఉంటుంది, అందుకని ఇంట్లో మరీ తలుపులన్నీ మూసుకుని ప్రాక్టీస్ చెయ్యకుండా అప్పుడప్పుడూ హాల్లో టీవీ మోగుతున్నప్పుడు కూడా ఒక పార్ట్ రాసి చూడండి. ఈ పుస్తకాల ఆడియోలో నాకు కనపడిన కొరత కూడా ఇదే, అంతా స్టూడియో ఆడియో, ఎవరి మాట మీద ఎవరూ పడరు, దగ్గు లేదు తుమ్ము లేదు. పరీక్షకి అది సరిపోద్ది, రేపు ఫారిన్ వెళ్ళి ఇంటి ఓనర్‌తో ఫోన్‌లో డిపాజిట్ గురించి మాట్లాడటానికి సరిపోదు.

ఆ లోటుకి ఫ్రీగా దొరికేవి ఉన్నాయి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో "సిక్స్ మినిట్ ఇంగ్లిష్" అని వస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న మూడు ఆప్షన్లతో అడిగి జవాబు చివర్లో చెప్తారు, కింద స్క్రిప్టు కూడా ఉంటుంది, బస్సులో వినడానికి హాయిగా ఉంటుంది. మొదలుపెట్టేవాళ్ళకి బ్రిటిష్ కౌన్సిల్ లెర్న్‌ఇంగ్లిష్ సైట్‌లో లెవెల్ వారీగా చిన్న ఆడియోలు ఉన్నాయి, డైరెక్టుగా కేంబ్రిడ్జ్ టెస్టు పెట్టుకుని 40కి పన్నెండు వచ్చిందని ఏడవడం కంటే అక్కడ కొన్నాళ్ళు ఉండటం మేలు. ఆస్ట్రేలియా గొంతుకి ఏబీసీ రేడియో, న్యూజిలాండ్‌కి అక్కడి రేడియో ఆర్‌ఎన్‌జెడ్ పాడ్‌కాస్టులు. మన ఐఐటీల వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ లెక్చర్లు వింటే చాలదా అని మా తమ్ముడు అడిగాడు, నాలుగో పార్ట్‌లాగా నోట్స్ రాసుకోవడానికి బాగుంటాయి, కానీ యాస మనదే కదరా, చెవికి కొత్తగా నేర్పేది ఏముంది అన్నాను. వాడేమో సబ్‌టైటిల్స్ పెట్టుకుని వెబ్ సిరీస్‌లు చూస్తూ లిజనింగ్ ప్రాక్టీస్ అంటాడు, సబ్‌టైటిల్ తీసేయ్ అంటే బోర్ అంటాడు.

ఆడియో స్పీడు తగ్గించి వినొచ్చా అంటే, సంధి విడదీసుకునేటప్పుడు ఒకటి రెండు సార్లు సరే, టెస్టు మాత్రం మామూలు స్పీడులోనే. కొంచెం గట్టిపడ్డాక 1.25లో విని మళ్ళీ మామూలు స్పీడుకి వస్తే వాళ్ళు నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది, ఆ ధైర్యం కోసమైనా చెయ్యొచ్చు.

పరీక్ష ఫీజు ఇప్పుడు పదిహేడు వేలు దాటేసింది కాబట్టి స్కోరు నిలకడగా వచ్చేదాకా డేట్ బుక్ చెయ్యకండి. లిజనింగ్ ఒక్కటే పోతే ఆ ఒక్క సెక్షనే మళ్ళీ రాసుకునే వీలు కంప్యూటర్ పరీక్షకి ఉంది, 60 రోజుల్లోపు రాయాలి, కానీ అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు, మీరు అప్లై చేసే చోట ముందే కనుక్కోండి.

రేటింగ్ అంటే, వెనక స్క్రిప్టులు వాడుకునేవాళ్ళకి 5కి 4.5, టెస్టులు మాత్రం రాసి స్కోరు స్టేటస్ పెట్టుకునేవాళ్ళకి 5కి 2. అకడమిక్, జనరల్ అని రెండు రకాలు అమ్ముతారు, పరీక్షలో లిజనింగ్, స్పీకింగ్ రెండిటికీ ఒకటే, రీడింగ్, రైటింగే వేరు, కాబట్టి కెనడా పీఆర్ కోసం మీ అన్నయ్య కొన్న జనరల్ పుస్తకం ఇంట్లో పడుంటే ముందు దాంతోనే లిజనింగ్ మొదలుపెట్టేయండి, అకడమిక్ నెమ్మదిగా కొనుక్కోవచ్చు.